రాక్షసికి మా అక్క గొంతు

ఆ సినిమా కబురు నా డైరీలో "నల్లా రాలేదు, పాలు విరిగాయి" అన్న వాక్యం కింద ఉంది. మా అక్క మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, తాము తీస్తున్న బొమ్మల సినిమాలో రాక్షసి పాత్రకు వాళ్ల అమ్మమ్మ గొంతు కావాలని చెప్పింది. ఆ రోజుకు నాకు పాలు విరగడమే పెద్ద విషయంగా తోచింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాస్తున్నవాణ్ణి. ఏది పైన రాయాలో, ఏది కింద రాయాలో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి.

మనవరాలు అంటే అక్క కూతురి కూతురు. పట్నంలో ఒక చిన్న స్టూడియోలో బొమ్మలు గీస్తుంది. ఇప్పుడు బొమ్మల సినిమాలన్నీ కంప్యూటర్లే చేసిపెడుతున్నాయట. వీళ్లది మాత్రం పాత పద్ధతి. కాగితం మీద పెన్సిలుతో ఒక బొమ్మ గీసి, తర్వాతి కాగితంలో చెయ్యి గోరంత పైకి జరిపి, ఆ తర్వాతి దాంట్లో ఇంకో గోరంత జరిపి, అలా రాక్షసి చేత ఒక్కసారి ఆవులింపజేయడానికి వారం పడుతుందని చెప్పింది.

నాకు సంతోషమూ భయమూ కలిసి వచ్చాయి. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. పెద్దపల్లి దిక్కు పారే కాలువల నక్షాలు చేత్తో గీసినవాణ్ణి. నా తర్వాత వచ్చినవాళ్లు కంప్యూటర్ మీద గీస్తుంటే, అలా గీసిన కాలువలో అసలు నీళ్లు పారుతాయా అని అనుమానపడ్డవాణ్ణి. పారాయి, అది వేరే సంగతి. చేత్తో గీసేవాళ్లు ఇంకా ఉన్నారంటే సంతోషమే. కానీ కాలువ ఉన్నచోటే ఉంటుంది. రాక్షసి లేవాలి, నడవాలి, తిట్టాలి. కదిలేదాన్ని చేత్తో గీస్తామంటున్న వీళ్లకు ఎవరైనా పెద్దవాళ్లు చెప్పి చూశారా అన్నది నా మొదటి సందేహం.

మా ఆవిడ సందేహం వేరు.

"రాక్షసి గొంతుకు మీ అక్కనే ఎందుకడిగిండ్రు? తెలంగాణ మొత్తం తిరిగి సూసిండ్రా, సీదా ఇచ్చోడకే పోయిండ్రా?" అంది.

నిజానికి కథే అక్కది. సొరకాయలో పుట్టిన రాకుమారి ఒకతె ఉంటుంది. ఆమె నీడను ఒక రాక్షసి కత్తిరించి ఎత్తుకుపోతుంది. ఆ రాక్షసికి ఎప్పుడూ చలి. లోకంలో దొరికిన నీడలన్నీ తెచ్చి బొంత కుట్టుకుంటుంది. ఎంత కుట్టినా బొంత కాళ్లకు చాలదు. రాకుమారి తన నీడను వెతుక్కుంటూ రాక్షసి ఇంటికి పోతుంది. మా చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన కథ ఇది. అక్క పెళ్లయి మరాఠీ సరిహద్దు దగ్గరి ఇచ్చోడకు పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది. అక్కడ నాలుగు మరాఠీ మాటలు కలిపి, రాక్షసికి కీళ్లనొప్పులు కూడా తగిలించి, మొదట కూతురికీ తర్వాత మనవరాలికీ, ఇప్పుడు వాడలోని ఆడవాళ్లందరికీ సాయంత్రం అరుగు మీద కూర్చుని చెబుతూ ఉంటుంది.

రాక్షసి మాటలు చెప్పేటప్పుడు అక్క గొంతు ఏమీ మారదు. భయం వేసేది అందుకే. పక్కింటావిడతో చెత్తబండి గురించి మాట్లాడినట్టే, "ఎవ్వతే అది, నా బొంత మీద కాలు వెట్టింది?" అంటుంది. స్టూడియో వాళ్లు ముందు ఎవరో సీరియళ్లలో మాట్లాడే ఆమెతో చెప్పించి చూశారట. ఆమె గుహలో నవ్వినట్టు నవ్విందట. రాక్షసి నవ్వకూడదనీ, చలికి వణుకుతూ తిట్టాలనీ మనవరాలు వాదించి, తన దర్శకుణ్ణి సగం ఒప్పించింది. మిగతా సగం అక్క గొంతు విన్నాక ఒప్పుకుంటానన్నాడు.

ఆ ఎండాకాలం అక్క కంటి ఆపరేషన్ కోసం కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉంది. డాక్టరు ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, ఇంట్లోనే అయినా పెద్ద నాయకురాలిలా తిరిగేది. మనవరాలు ఒక మైకు, ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. బయటి చప్పుడు లోపలికి రాకూడదని కిటికీలు మూసి, ఇంట్లో ఉన్న బొంతలూ దుప్పట్లూ గోడలకు వేలాడదీశాం. ఫ్యాను బంద్ చేశాం. కుక్కర్ పెట్టొద్దని మా ఆవిడకు ఆర్డరు. గదిలో చీకటి, ఉక్క. పక్కన గ్లాసెడు మజ్జిగ పెట్టుకుని అక్క మైకు ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, షురూ జెయ్యి," అంది మనవరాలు.

అక్క నోరు తెరవలేదు.

"చెప్పు అమ్మమ్మా."

"ఎవ్వలికి?"

"గీ మైకుకు."

"అది ఊ అంటదా?"

"అనది. వింటది, గంతే."

"ఇంటున్నదో, పండుకున్నదో నాకెట్ల ఎరుక?"

మా ఇళ్లలో కథ చెప్పే పద్ధతి అది. చెప్పేవాళ్లు చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. అక్కకు అది పద్ధతి కూడా కాదు, ఊపిరి. పొయ్యిలో కట్టె ఎగదోసినట్టు ఎవరైనా ఊ అంటూ ఉంటేనే తర్వాతి మాట వస్తుంది.

"నేను తలకాయ ఊపుత అమ్మమ్మా, నువ్వు చెప్పు," అంది మనవరాలు.

"గీ చీకట్ల, గీ నల్లద్దాలల్ల నుంచి నీ తలకాయ నాకు కనవడ్తదా?"

"మరి చెయ్యి వట్టుకొని ఒత్తుత."

"నాడి సూస్తున్నట్టుంటది. నాకు కథ రాదు, జెరం వస్తది."

మనవరాలే ఊ కొడదామంటే ఆమె చెవులకు పెద్ద పెద్ద చిప్పల్లాంటివి తగిలించుకుని పెట్టె మీద ఏవో మీటలు తిప్పుతోంది. నేను ప్రయత్నించాను. నా ఊ ఫైలు మీద సంతకం పెట్టినట్టుందని అక్క తిరగ్గొట్టింది. చివరికి మా ఆవిడను పిలిచాం. చప్పుడు కాని పని తెచ్చుకోమంటే చింతపండు తెచ్చుకుని, గింజలు తీస్తూ అక్క పక్కన కూర్చుంది.

మా ఆవిడ ఊ గురించి ఒక మాట చెప్పాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచీ తన ఆడబిడ్డ చెప్పే ఏ సంగతినీ ఆమె పూర్తిగా నమ్మలేదు. పెద్దావిడను ఎదురు మాట అనలేక ఆ అపనమ్మకాన్నంతా ఊలోనే పెట్టింది. ముక్కులో మొదలై, చివర కొంచెం పైకి లేస్తుంది. "ఊఁ?" అది వింటే అక్కకు పౌరుషం వస్తుంది. నమ్మించి తీరాలని గట్టిగా చెబుతుంది. ఆ రోజు రాక్షసి అసలు సిసలు రాక్షసి అయింది. మనవరాలు చెవుల చిప్పలు తీయకుండానే కళ్లు పెద్దవి చేసింది. నాకైతే చొక్కా తడిసింది, అది ఉక్కకే కావచ్చు.

చిక్కు ఒక్కటే. ఆ ఊ అక్క మాట పూర్తికాక ముందే పడుతోంది.

"చిన్నమ్మమ్మా, జర ఆగి అనరాదు ఊ," అని మనవరాలు మా ఆవిడను బతిమాలింది.

మా ఆవిడ ఆగి చూసింది. వెంటనే అక్క, "ఏమే పిల్లా, నిద్రవోయినవా?" అంది. అది కూడా మైకులోకి పోయింది.

రెండు వారాల తర్వాత మనవరాలు ఫోన్ చేసింది. అక్క అప్పటికి ఇచ్చోడ వెళ్లిపోయింది.

"తాతా, అమ్మమ్మ మాటకు చిన్నమ్మమ్మ ఊ అతుక్కపోయింది. మా సౌండాయన మస్తు కొట్లాడిండు, ఊడి రాలే. మళ్ల చెప్పిద్దామంటె ఊ లేకుంట అమ్మమ్మ చెప్పది. మా సారు మళ్ల సీరియలామెనే పెడదామంటుండు. నేనింకా కొట్లాడుతున్న. అమ్మమ్మకు మాత్రం చెప్పకుండ్రి."

చెప్పకపోవడం సులువే. కానీ అప్పటికే ఇచ్చోడ అంతటికీ తెలిసిపోయింది. బస్సు దిగీ దిగగానే అక్క కిరాణా కొట్టు దగ్గర ఒకసారి, పిండిగిర్ని దగ్గర ఒకసారి, దారిలో ఎదురైన వాళ్లందరికీ వేరువేరుగా చెప్పుకుంటూ ఇంటికి చేరింది. కొందరు నమ్మారు. ఎదురింటావిడ మాత్రం, "బొమ్మకు గొంతెట్ల వెడతరు పెద్దమ్మా? నిన్ను ఉత్తగనే కూసోవెట్టి మురిపిచ్చిండ్రు," అని నవ్విందట. దాంతో అక్క అరుగు మీద అందరి ముందూ ఒట్టేసుకుంది. ఆ సినిమాలో తన గొంతు వినపడకపోతే ఇక జన్మలో ఎవరికీ కథ చెప్పదట.

"ఒట్టెందుకేసినవ్ అక్కా?" అన్నాను ఫోన్లో.

"ఎందుకెయ్యద్దు? ఉన్నది గదా నా గొంతు?"

"ఉంటది..."

"ఉంటది ఏంది? ఉన్నదనరాదు?"

ఆడవాళ్లు వింటారని కాదు, తాను చెప్పాలని అక్క కథ చెబుతుంది. బావ చనిపోయిన ఏడాది కూడా సాయంత్రం అయ్యేసరికి అరుగు మీదికి వచ్చి కూర్చునేది. ఆ ఒట్టు ఆమె నిలబెట్టుకుంటుందని నాకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి నాతో మాట్లాడనని ఒట్టేసుకుని, ఇంట్లో పాము దూరితే కూడా గోడకు చెప్పింది, నాకు వినపడేలా.

వానలు మొదలయ్యాక సినిమా నుంచి ఒక చిన్న ముక్క ఫోన్లలోకి వచ్చింది. నేను దాన్ని చాలాసార్లు చూశాను. సొరపాదు, చంద్రుడు, రాకుమారి పరుగు. గీతలు సన్నగా వణుకుతుంటే పెన్సిలు వాసన వచ్చినట్టే ఉంది. చివర్లో చీకట్లో ఒక పెద్ద బొంత కదిలి, రాక్షసి తల బయటపెట్టి, నోరు తెరిచి ఆవులించింది. మాట లేదు. వెనుక పిల్లనగ్రోవి.

అక్క వెంటనే ఫోన్ చేసింది. "నోరు దెరిచింది, మాట రాలే. కాయ్ ఝాలె తమ్మీ, ఏమైంది దానికి?"

"అది నమూనా అక్కా."

"నమూనాల ఆవులింత వెట్టుకున్నరు గని మాట వెట్టరా?"

"ఆవులింత గియ్యనీకె వారం వట్టిందట. సూపిచ్చుకోవద్దా?"

"ముక్కుపుల్ల మాత్రం నాదే," అంది అక్క. గొంతు కోసం ఎదురుచూస్తుంటే ముందు ముక్కు వచ్చిందని కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది.

నా అనుమానాలు నావి. ఆ ముక్కలో చూసిన తప్పులన్నీ వరుసగా మనవరాలికి పంపాను. రాక్షసి సూదిలో దారం కనిపించడం లేదు. సొరతీగ ఒక చోట కుడికి, ఇంకో చోట ఎడమకు మెలిక తిరిగింది. బావి గిరక మీద చేంతాడు గాడిలో లేదు. అన్నిటికన్నా ముఖ్యం, దీపం ఏ దిక్కున ఉందో నీడా ఆ దిక్కుకే పడింది. ఇది నక్షా అయితే మా ఇంజినీరు వాపసు పంపేవాడు. మనవరాలు మొదట ఒక నవ్వు ముఖం బొమ్మ పంపింది. మర్నాడు జవాబు పంపింది: "తాతా, గది దొంగతనం జేసిన నీడ. అది ఎటు దిక్కు వడాలె అనుకుంటె అటే వడ్తది." ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఆ ఒక్కటీ కొట్టేసి, మిగతావాటికి జవాబు అడిగాను. మళ్లీ నవ్వు ముఖమే వచ్చింది.

విడుదలకు ముందు నేను సూటిగా అడిగాను. "ఒక్కటే మాట చెప్పు బిడ్డా. అమ్మమ్మ గొంతు ఉన్నదా, లేదా?"

"థియేటర్ల సూడుండ్రి తాతా," అని ఫోన్ పెట్టేసింది.

మా ఆఫీసులో బదిలీ గురించి అడిగినప్పుడు "ఆర్డరు వచ్చినంక సూడు" అన్నవాళ్లెవరూ ఎన్నడూ మంచి ఊరు వేయలేదు. గొంతు లేదని నాకు ఖాయమైపోయింది.

అప్పటి నుంచి అక్కను ఆపడమే నా పని. వానలు గట్టిగా ఉన్నాయన్నాను. వానాకాలం గదా అంది. థియేటర్లో చలి ఎక్కువ, ఆపరేషన్ అయిన కంటికి మంచిది కాదన్నాను.

"చలి రాక్షసికి, నాకు గాదు. శాలువ దెచ్చుకుంట."

"కొన్ని రోజులైతె ఫోన్లనే వస్తది అక్కా, ఇంట్ల కూసోని సూడచ్చు."

"ఎదురింటిదాన్ని నా ఫోన్ల చూడమంటె సూస్తదా? దాన్ని జీపుల వెట్టి తీస్కవస్తున్న. పక్కన కూసోవెట్టుకొని ఇనవెడత."

ఒక్క ఎదురింటావిడే కాదు, జీపులో పట్టినంత మందిని తెస్తోందని తర్వాత తెలిసింది. కొందరు ఒడిలో కూర్చుంటారట.

మా ఆవిడా నేనూ ఒక ఉపాయం ఆలోచించాం. అక్క వాళ్లు మధ్యాహ్నం ఆటకు వస్తారు. మేమిద్దరం పొద్దుటి ఆటకు పోయి చూసి, గొంతు లేకపోతే వెంటనే ఫోన్ చేసి, థియేటర్లో మిషను చెడిపోయిందని చెప్పి దారిలోనే ఆపేయాలి.

"అబద్ధం ఎవ్వలు చెప్తరు?" అంది మా ఆవిడ.

"నేనే చెప్త."

"నీకు వస్తదా?"

రాదు. అందుకే ముందురోజు అద్దం ముందు నిలబడి, "మిషిన్ కరాబైంది అక్కా, వాపసు పోండ్రి," అని నేర్చుకున్నాను. నాలుగైదు రకాలుగా అన్నాను. నాకు బాగానే వచ్చిందనిపించింది. వెనక నుంచి మా ఆవిడ, "ఊఁ?" అంది.

ఆ ఉపాయం పనికిరాలేదు. మర్నాడు మేము చెప్పులు వేసుకుంటుండగానే జీపు గేటు ముందు ఆగింది. ఇచ్చోడ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. అందరికన్నా ముందు అక్క, చేతిలో మనవరాలు పంపిన సినిమా పోస్టరు. దాని మీద రాక్షసి నుదుటన కుంకుమ, మూలన నీళ్ల మరక.

"ఇదేందక్కా?"

"కొండగట్టుకాడ ఆగినం. కొత్త బండ్లకు పూజ జేస్తుంటె దీనికి గూడ జెయ్యమన్న. పంతులు జీపు దిక్కు జూసి, ఇది పాతది గదమ్మా అన్నడు. జీపు పాతదే, సినిమా కొత్తది అన్న. కొబ్బరికాయ గొట్టిండు పాపం."

"నిమ్మకాయ కూడ తొక్కిచ్చినం," అంది వెనక నుంచి ఎదురింటావిడ. వెక్కిరించడానికి వచ్చిన మనిషి కూడా నిమ్మకాయ దగ్గర భక్తిగానే ఉన్నట్టుంది.

అందరం పొద్దుటి ఆటకే పోయాం. హాలులో సగానికి పైగా పిల్లలు, వాళ్ల వెంట తల్లిదండ్రులు. ఒక వరుసంతా ఇచ్చోడే. అక్కకు ఒక పక్క నేను, ఇంకో పక్క ఎదురింటావిడ, నాకు అవతల మా ఆవిడ. అక్క బాధపడితే గబుక్కున బయటికి తీసుకుపోవడానికి వీలుగా నడవా పక్క సీట్లు చూసుకున్నాను. జేబులో మంచినీళ్ల సీసా, కంటి చుక్కల మందు.

సినిమా మొదలైంది. సొరకాయ పగిలి రాకుమారి బయటపడింది. నేను తప్పులు వెతుకుదామని ముందుకు వంగి కూర్చున్నాను, కాసేపటికి మరిచిపోయి వెనక్కి వాలాను. సూదిలో దారం లేకపోయినా బొంత కుట్టవచ్చునని ఆ చీకట్లో నాకు నమ్మకం కుదిరింది. అక్క మాత్రం సినిమా చూడటం లేదు. రాక్షసి ఎప్పుడొస్తుందని చూస్తోంది.

"ఇంకెంత సేపు తిరుగుతది ఇది అడివిల? సీదా రాక్షసింటికి పోవచ్చు గదా," అంది రాకుమారిని ఉద్దేశించి.

పోయింది. చీకటి ఇల్లు. మూలన కొండంత బొంత. మంచం కోడుకు కట్టేసిన ఒక ముసలి మేక నెమరు వేస్తోంది. మా అవ్వ కథలో గానీ అక్క కథలో గానీ మేక లేదు. ఇదెక్కడిదని నేను అనుకుంటుండగానే రాకుమారి బొంత మీద కాలు పెట్టింది. బొంత కదిలింది.

"ఎవ్వతే అది, నా బొంత మీద కాలు వెట్టింది?"

అక్క గొంతే. చెత్తబండి మీద విసుక్కునే గొంతు. వెంటనే మేక నెమరు ఆపి, కళ్లు సగం ఎత్తి రాక్షసి వైపు చూసి, "ఊఁ?" అంది.

హాలంతా గొల్లున నవ్వింది. నాకు అప్పటికి అర్థమైంది. మాట నుంచి ఊను ఊడదీయలేక, ఆ ఊ అనడానికి ఒక నోరు గీశారు. ఆ నోటికి ఒక మేకను గీశారు. మేకను రాక్షసి ఇంట్లో కట్టేశారు. అందుకు ఎన్ని కాగితాలు మళ్లీ గీసి ఉంటారో తలుచుకుంటే నా మణికట్టులో నొప్పి పుట్టింది.

నేను సంతోషంతో అక్క వైపు తిరిగాను. అక్క ముఖం మాడిపోయి ఉంది.

"గిది ఎవ్వతి గొంతు?" అంది.

"నీదే అక్కా!"

"నా గొంతు గిట్లుంటదా? గిట్ల గీరినట్టు? రేకు మీద మొల వెట్టి గీసినట్టు? ఇది ఆ సీరియల్దాని గొంతే."

"నీదే పెద్దమ్మా," అంది ఎదురింటావిడ. "నేను రోజు ఇంటలేనా?"

అక్క ఆమెను కిందికీ పైకీ చూసింది. నిన్నటిదాకా నమ్మని మనిషి ఇవాళ నమ్ముతోందంటే అక్కకు అనుమానం రెట్టింపైంది. వరుసలో ఉన్నవాళ్లంతా నీదే, నీదే అన్నారు. అందరూ ఒకే మాట అనడం ఆమెకు ఇంకా తేడాగా అనిపించింది.

"మీ అందరికి తమ్ముడు నేర్పిచ్చిండు. ముసల్దాన్ని సముదాయిస్తుండ్రు. ఏం రా తమ్మీ, నా కండ్లల్లకు సూసి చెప్పు."

చూసి చెప్పాను. నిజమే చెప్పాను. కానీ ముందురోజంతా అబద్ధం నేర్చుకున్న ముఖం కదా, నిజం చెబుతున్నా అలాగే పెట్టినట్టున్నాను.

"సూసినవా, అబద్దం," అని అక్క లేచి నిలబడింది. "చల్. నేను పోత. ఇగ కథ లేదు, గిథ లేదు."

వెనక నుంచి ఎవరో, "కూసో అవ్వా, రాక్షసి కనవడ్తలేదు!" అని అరిచారు.

"రాక్షసే అడ్డమొచ్చిందిరా నీకు," అంది ఎదురింటావిడ వెనక్కి తిరిగి.

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. సీట్ల మధ్య నుంచి నన్ను దాటి, మా ఆవిడ మోకాళ్లు దాటబోతోంది. తెర మీద రాక్షసి, తన కీళ్లు పెద్ద అడవి నరికినవాడి కీళ్లకన్నా ఎక్కువ నొప్పిగా ఉన్నాయని రాకుమారికి చెప్పింది. మేక, "ఊఁ?" అంది.

అక్క ఆగింది. వంగి మా ఆవిడ ముఖంలోకి చూసింది. మా ఆవిడ అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా ముడుచుకుని కూర్చుంది.

"ఓ పిల్లా. గా మేక నువ్వే గదా?"

"నేను మేకనేంది వదినా!"

"గా ఊ నీదే. నువ్వు మా ఇంటికొచ్చిన సంది ఇంటున్న. మా అత్త నాకు వెండి కడాలు పెట్టిందంటె గూడ గట్లనే అన్నవ్."

"నాదే," అంది మా ఆవిడ. ఎన్నో ఏళ్లుగా దొరకని దొంగ దొరికినట్టుంది ఆమె ముఖం.

"మరి నీ ఊ ముందల మాట ఎవ్వలది?"

"ఎవ్వలదుంటది వదినా? నీకు గాక నేను ఇంకెవ్వలకన్న గట్ల ఊ కొట్టిన్నా?"

రాక్షసి ఇంకేదో అంది, మేక నమ్మలేదు. ఈసారి అక్క నవ్వింది. గొంతును నమ్మలేదు గానీ ఆ అపనమ్మకాన్ని గుర్తుపట్టింది. అది ఈ భూమ్మీద ఒక్క మనిషికే పలుకుతుందని ఆమెకు తెలుసు.

"గట్లయితె నేనే," అంది. తర్వాత హాలు వైపు తిరిగి, శాలువ సర్దుకుని, గట్టిగా చెప్పింది: "గా రాక్షసి నేనే!"

వెనక వరుసలవాళ్లు తెరనూ అక్కనూ మార్చి మార్చి చూశారు. తర్వాత తెర మీద, హాలులో ఒకే గొంతు అని ఎవరో పోల్చుకున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. ఇచ్చోడ వరుస ఈలలు వేసింది. ఆ ఈలల్లో ఒకటి ఎదురింటావిడది.

విరామం తర్వాత అక్క పెళ్లివారింట పెద్దావిడలా కూర్చుని సినిమా చూసింది. అంతా బాగానే జరుగుతోందనుకున్నాను. చివరికి వస్తుండగా నా చెవిలో గొణిగింది.

"తమ్మీ, నేను మాట్లాడుతుంటె ఎవ్వలు నవ్వుతలేరు. మేక మూలిగితె నవ్వుతుండ్రు."

"నిన్ను జూసి భయపడుతుండ్రు అక్కా. రాక్షసివి గదా."

"మేకను చూసి భయపడద్దా?"

బయటికి వచ్చాక సంగతి ఇంకా ముదిరింది. మేక ఈవిడే అని ఎదురింటావిడ ఎవరికో చెప్పింది. పిల్లలు మా ఆవిడ చుట్టూ మూగారు. "అవ్వా, ఒక్కసారి ఊ అనవా, ఒక్కసారి," అని కొంగు పట్టి లాగారు. మా ఆవిడ సిగ్గుపడి, కాదు కూడదని, చివరికి అంది. పిల్లలు కేకలు పెట్టారు. మళ్లీ అంది, ఈసారి ఎవరూ అడగకుండానే. అక్క ఒక్కతే పోస్టరు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, దారిన పోయే వాళ్లకు రాక్షసి ముక్కుపుల్లను, తన ముక్కుపుల్లను చూపించుకుంటోంది.

మనవరాలు ఫోన్ చేసింది. అక్క అందుకుంది.

"అమ్మమ్మా, ఎట్లున్నది?"

"సినిమా మంచిగనే ఉన్నది బిడ్డా. మేకనే జర ఎక్కువైంది." తర్వాత గొంతు తగ్గించి, అందరికీ వినపడేంత మెల్లగా అంది, "నా కోసం అన్ని బొమ్మలు మళ్ల గీసినవటనే? చెయ్యి నొయ్యలేదా?" అవతల ఆ పిల్ల ఏమందో మాకు వినపడలేదు. అక్క నల్లద్దాలు తీసేసి చాలా రోజులైనా కళ్లు తుడుచుకుంది. కంటి చుక్కలు నా జేబులోనే ఉన్నాయి, ఇవ్వలేదు.

ఒట్టు తీరింది కనుక అక్క ఆ రాత్రికే అరుగు మీద కథ చెప్పాలంది. జీపులో పట్టక ఇచ్చోడలో ఉండిపోయినవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. వాళ్లకు రాక్షసి కావాలి, కానీ మేక కూడా కావాలట. అది లేకపోతే సినిమా చూసినట్టుండదట. అక్క మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఏమీ అనక ముందే ఇంటికి పోయి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చింది.

"ఫ్రిజ్జుల పప్పున్నది, వేడి జేస్కో," అని చెప్పి జీపులో ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. వచ్చేటప్పుడు అది అక్క సీటు. అక్క వెనక ఎదురింటావిడ ఒడిలో సర్దుకుంది.

మూడో రోజు సాయంత్రం ఇచ్చోడ నుంచి ఫోన్ వచ్చింది.

"తమ్మీ, నీ పెండ్లాన్ని జల్ది తీస్కపో," అంది అక్క. "నేను కథ జెప్తుంటె ఊ అంటలేదు. అందరు నిశ్శబ్దంగ ఉన్నంక అంటదట. గొంతు ఎండుతుందని నిమ్మరసం తెమ్మంటది. నిన్న రాక్షసి మాట మర్చిపోయిన. నువ్వు కానియ్యి వదినా, అని నాకే చెప్తుంది."

వెనక చాలామంది ఆడవాళ్ల నవ్వు వినిపించింది. పొద్దుటి బస్సుకు వస్తానని చెప్పాను.

"పొద్దుగాలొద్దు," అంది అక్క వెంటనే. "రేపు పిండిగిర్నిదామె వాళ్ల చుట్టాలను తీస్కవస్తున్నది. ఎల్లుండి రా."